పట్టీలు పెంచుడు కాదు, బండిని నిలబెట్టుడు: మా పికప్ కమాన్ల కథ



పోయిన వారం మన తమ్ముడు ఒకడు సెకండ్ హ్యాండ్ పికప్ కొన్నడు. సంతోషం. కొన్న మూడో రోజే ఫోన్ చేసి, "అన్నా, బండి వెనక కూసుంటున్నది. పక్కకు రెండు పట్టీలు ఎక్కిస్తే ఎంతైతది?" అని అడిగిండు. ఆ మాట వినంగనే మాకు మూడేండ్ల కిందటి మేమే కనబడ్డం. ఫోన్‌లో సగం చెప్పినం, సగం చెప్పలేకపోయినం. చెప్పలేని సగమే అసలు సంగతి. అందుకే ఇక్కడ రాస్తున్నం. పోస్టు పొడుగు ఉంటది. బండి ఉన్నోళ్ళు, కొనాలనుకునేటోళ్ళు జర ఓపికతో చదవండి.

మేము ముగ్గురం. ఒకడిది అచ్చంపేట దిక్కు తండా, ఒకడిది వనపర్తి దిక్కు తండా, ఒకడిది గద్వాల దిక్కు. ఇద్దరం లంబాడోళ్ళం, ఒకరం ఎరుకలోళ్ళం. డిగ్రీ ఒకే హాస్టల్‌లో ఉండి చదివినం. చదువు అయినంక రెండేండ్లు కాంపిటీషన్ పరీక్షలు రాసుకుంట తిరిగినం. నోటిఫికేషన్లు రావు, వస్తే ఆగుతయి. ఇంట్ల అడుగుతరు, ఊర్లె అడుగుతరు. చివరికి ముగ్గురం కలిసి తలా ఇంత వేసుకొని, మిగిలింది ఫైనాన్స్‌ల పెట్టి, ఒక పాత పికప్ కొన్నం. చదువు మానొద్దు, బండి నడుపుకుంట వంతులవారీగా చదవాలని ఒప్పందం. ఇద్దరు బండి మీద ఉంటే ఒకడు పుస్తకాల కాడ.

మన మూడు జిల్లాలల్ల పికప్‌కు పని తక్కువ లేదు. యాసంగి పల్లీలు అచ్చంపేట, వనపర్తి, గద్వాల మార్కెట్ యార్డులకు. ఎండాకాలం కొల్లాపూర్ మామిడి. శనివారం పెబ్బేరు సంతకు మేకలు, గొర్లు. గద్వాల దిక్కు విత్తన పత్తికి క్రాసింగ్ మొదలైతే కూలోళ్ళను తోలే కిరాయిలు. 2018ల తండాలు పంచాయతీలు అయినంక లోపట సీసీ రోడ్లు పడ్డయి గని, తండా నుంచి మెయిన్ రోడ్డు దాక ఉన్న తొవ్వ చాలా చోట్ల ఇంకా గట్లనే ఉన్నది. నల్లరేగడిల వాన పడ్డదంటే బండి చక్రం కాదు, మనిషి కాలే ఇరుక్కుంటది. గసువంటి తొవ్వల మీద బండి నడిచేది కమాన్ల మీదనే.

మేము కొన్ననాడే బండి ఎడమ పక్కకు వంగి ఉన్నది. గుంత వస్తే వెనక నుంచి కటక్, కటక్ అని చప్పుడు. అమ్మినాయన "పాత బండికి అంత ఉంటది" అన్నడు. మేము కూడా నమ్మినం. ఎందుకంటే నమ్మకపోతే పైసలు పెట్టాలె.

మేము చేసిన తప్పు

మొదటి యాసంగిలనే ఆశ పుట్టింది. ఆర్‌సీల ఖాళీ బరువు, మొత్తం బరువు రెండూ రాసి ఉంటయి. ఒకదాంట్లకెళ్ళి ఒకటి తీసేస్తే మా బండి మోయాల్సింది దగ్గరదగ్గర 1,300 కిలోలు. పల్లికాయ బస్తా 40 కిలోలు వేసుకుంటే 32 బస్తాలు. కిరాయి ఏమో బస్తా లెక్క. 32 వేస్తే డీజిల్, ఫైనాన్స్ కిస్తు పోంగ చేతుల ఏం మిగలదు. 55 వేస్తే మిగులుతది. 55 అంటే 2,200 కిలోలు. బండి తోక భూమికి తాకినట్టు కూసున్నది.

అప్పుడు ఒకాయన చెప్పిండు: "పక్కకు రెండు పట్టీలు ఎక్కియ్యుండ్రి, లారీ లెక్క నిలబడతది." పాత సామాన్ల దుకాణంల వేరే బండి పట్టీలు నాలుగు ఏరుకొచ్చి, ఒక వెల్డింగ్ షాపుల ఎక్కించినం. చానా సస్తల అయిపోయింది. బండి వెనక ఎత్తుగా, కోడెదూడ లెక్క నిలబడ్డది. ఫోటో దిగి స్టేటస్ పెట్టినం కూడా. ఆ సీజన్ మొత్తం 55, 60 బస్తాలు తోలినం. మూడు నెలల్ల ఫైనాన్స్ కిస్తులు రెండు ముందుగల్లనే కట్టినం. మేము తెలివిగల్లోళ్ళం అనుకున్నం.

ఖాళీ బండి మాత్రం గుర్రం లెక్క ఎగిరేది. స్పీడ్ బ్రేకర్ కాడ వెనక చక్రాలు గాల్లె లేచేటివి. వానల బ్రేక్ కొడితే తోక పక్కకు జారేది. పట్టించుకోలేదు.

ఆ యేడు వానకాలం క్రాసింగ్ పనులు పడ్డయి. వనపర్తి దిక్కు మా తండా నుంచి గద్వాల పక్క పత్తి చేలకు ఆడోళ్ళను తోలే కిరాయి దొరికింది. పొద్దుగాల నాలుగు గంటలకు లేసి, పెబ్బేరు, బీచుపల్లి బ్రిడ్జి దాటి, ఎర్రవల్లి చౌరస్తా కాడ గద్వాల రోడ్డు పట్టాలె. ఆ రోజు వెనక 16 మంది ఉన్నరు. సద్దిమూటలు, నీళ్ళ డబ్బాలు. చౌరస్తా దాటినంక ఒక గుంతల ఎడమ చక్రం పడ్డది. తుపాకి పేలినట్టు చప్పుడు. వెనక భాగం ఎడమకు లాగేసింది. బండి రోడ్డు దిగి కందకంల ఒరిగి ఆగింది.

దేవుని దయనో, స్పీడు తక్కువ ఉండెనో, పాణాలు పోలేదు. అయిదుగురికి దెబ్బలు. మాలో ఒకడి యాడికి కుడిచెయ్యి మణికట్టు కాడ విరిగింది. క్రాసింగ్ పని అంటేనే వేళ్ళ పని. ఆ సీజన్ మొత్తం ఆమె కూలి పోయింది. ఆ చెయ్యి ఇప్పటికీ బిందె ఎత్తదు.

దవఖాన బయట మేము ముగ్గురం గోడకు ఒరిగి నిలబడ్డం. ఎవరం ఎవరి మొఖం చూడలేదు. కట్టు కట్టించుకొని బయటికి వచ్చినంక ఆమె తిట్టలేదు. ఒకటే అడిగింది: "బస్తాలు తోలినప్పుడు విరగని బండి మమ్మల్ని తోలితే ఎందుకు విరిగిందిరా?"

మాకు జవాబు తెలవదు. నిజమే కదా. 16 మంది ఆడోళ్ళు, ఒక్కొక్కరు 50 కిలోలు వేసుకున్నా 800 కిలోలు. ఆర్‌సీల రాసిన దానికన్నా తక్కువ. 2,200 కిలోలు మోసిన బండి 800కు ఎందుకు విరగాలె? ఆ ఒక్క ప్రశ్నకు జవాబు దొరకపట్టుకునే తొవ్వలనే ఈ బండి బాగైంది.

చాచా చెప్పిన జవాబు

బండిని గుంజుకపోయి ఒక పాత కమాన్ మేస్త్రీ కాడ పెట్టినం. అందరు చాచా అంటరు, మేము కూడా గంతే. ఆయన కట్ట దించి, విరిగిన మెయిన్ పట్టీ ముక్కను మా చేతుల పెట్టిండు. "చూడు బేటా, విరిగిన కాడ రంగు చూడు" అన్నడు. సెంటర్ బోల్టు రంధ్రం పక్కన విరిగింది. సగం భాగం తుప్పుపట్టి నల్లగ ఉన్నది. మిగిలిన సగం తెల్లగ, కొత్తగ మెరుస్తున్నది. నల్లది ఎన్నడో పగిలింది. తెల్లది ఆ రోజు పగిలింది.

అంటే పల్లీలు తోలిన నెలలల్లనే పట్టీ లోపట బీట పడ్డది. ప్రతి లోడుకు ఆ బీట ఇంత ఇంత పాకింది. ఆఖరి గుంత దానికి సాకు మాత్రమే. ఉక్కు వంగి లేస్తది, మళ్ళ వంగి లేస్తది. మోతాదుల వంగితే లక్షల సార్లు ఓర్చుకుంటది. మోతాదు దాటిన ప్రతిసారి లోపట లెక్క రాసిపెట్టుకుంటది. మనం మరిచిపోతం, ఉక్కు మరవదు.

ఇంకో రెండు తప్పులు చూపించిండు. ఒకటి, మేము ఎక్కించిన పాత పట్టీల వంపు మా కట్ట వంపుతోని కలవలేదు. పట్టీలు ఒకదాని మీద ఒకటి పొడుగునా కూసోవాలె. మావి నడుమ, చివర మాత్రమే తాకుతున్నయి. బరువు పంచుకోవాల్సిన పట్టీలు పంచుకోకుండ మెయిన్ పట్టీని ఒకే కాడ నొక్కినయి. రెండు, యూ క్లాంపులు వదులుగ ఉన్నయి. యూ క్లాంపులు గట్టిగ ఉంటే రంధ్రం ఉన్న నడుమ భాగం వంగదు, అటూ ఇటూ ఉన్న చేతులే వంగుతయి. వదులైతే నడుమ కూడ వంగుతది. రంధ్రం కాడ ఉక్కు ముందే తక్కువ. అక్కడనే పగులుతది.

మెయిన్ పట్టీ ముందు ముక్క విడిపోంగనే ఆ పక్క ఇరుసును పట్టి ఉంచేది లేక వెనక్కి జరిగింది. అందుకే బండి తోక లాగింది. కమాన్ అంటే బరువు మోసేది ఒక్కటే అనుకున్నం. బండికి ఇరుసును సక్కగ పట్టి ఉంచేది కూడ అదే అని ఆ రోజు తెలిసింది.

"ఇప్పుడు ఏం చేద్దాం చాచా, మొత్తం కొత్త కట్టలు వేద్దామా?" అన్నం. ఆయన మా జేబులు చూసినట్టే చూసిండు. "ఒక్కసారి అన్నీ వద్దు. ముందుగాల పాణం మీదికి వచ్చేది చెయ్యి. తర్వాత నెలకు ఒకటి" అన్నడు.

ఆ రోజు రెండు పక్కల మెయిన్ పట్టీలు, సెంటర్ బోల్టులు, యూ క్లాంపులు కొత్తవి వేసినం. ఎక్కించిన నాలుగు పట్టీలు తీసి తుక్కుల పడేసినం. మొత్తం 9,500. మాలో ఒకడి కాకా అప్పు ఇచ్చిండు.

అప్పటినుంచి ఒక డబ్బా పెట్టుకున్నం. కిరాయికి పోయి వస్తే ముందు 200 దాంట్ల. నెలకు 15 కిరాయిల దాక పడేటివి, అంటే 3,000. ఆ డబ్బా పైసలు తిండికి, ఫోన్ రీచార్జికి, దేనికీ ముట్టొద్దని ఒట్టు. ఆ డబ్బాతోని 14 నెలల్ల ఏం చేసినమో వరుసగా రాస్తున్నం. ధరలు మాకు పడ్డవి. మీ ఊరు, మీ బండిని బట్టి మారుతయి. వరుస మాత్రం మారొద్దు.

మొదటి మెట్టు: పైసలు లేకుండ అయ్యేవి

ముందు కాంటా ఎక్కండి. ఖాళీగ ఒకసారి, లోడుతోని ఒకసారి. ముందు చక్రాలు మాత్రమే పెట్టి, తర్వాత వెనక చక్రాలు మాత్రమే పెట్టి విడిగా కూడ తూకం వేయించండి. మేము గిట్ల చేసేసరికి మా లోడు ఎక్కువ వెనకాల డోర్ దిక్కే పడుతున్నట్టు తెలిసింది. బరువు ఇరుసుకు వెనక పడితే ముందు చక్రాలు తేలిక అయితయి, స్టీరింగ్ తేలుతది. బరువైన బస్తాలు క్యాబిన్ దిక్కు, కింద వరుసల, రెండు పక్కల సమానం వేయాలె. ఈ ఒక్కదానితోనే బండి సగం నిమ్మళమైంది.

ఇంట్ల తాత ఒకసారి ఇది చూసి నవ్విండు. "లదేణి చేసిన తాతల మనుమలు, గోణె కట్టుడు ఇప్పుడు నేర్చుకుంటున్నరా?" అన్నడు. వెనకట మనోళ్ళు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం తోలిన కాలంల ఎద్దు వీపు మీద గోణె రెండు పక్కల సమం లేకపోతే కదలనిచ్చేటోళ్ళు కాదంట. పొద్దుగూకి దిగినంక మనిషి తినకముందు ఎద్దు వీపు తడిమి, పుండు పడ్డదా చూసేటోళ్ళంట. మేము బండిని ఒక్కనాడు తడిమి చూడలేదు.

అప్పటినుంచి వారానికి ఒకసారి బండి కిందికి దూరుతం. కమాన్ల మీది మట్టి నీళ్ళతో కడుగుతం. పట్టీల మధ్య మట్టి ఉంటే అది ఇసుక కాగితం లెక్క తింటది. కడిగితేనే పగులు కూడ కనబడతది. పట్టీ పక్కకు జరిగిందా, క్లిప్పు ఊడిందా, యూ క్లాంపు నట్టు పక్కన తుప్పు పొడి రాలుతున్నదా చూస్తం. పొడి రాలితే అక్కడ వదులు ఉన్నట్టే.

గాలి కొలిచే మీటర్, గ్రీజు గన్ కొన్నం. రెండూ కలిసి 1,250. అంతే ఖర్చు.

రెండో మెట్టు: బుష్షులు, షాకిల్ పిన్నులు

మూడో నెలల 2,200 పెట్టి బుష్షులు, షాకిల్ పిన్నులు మార్పించినం. కటక్ కటక్ చప్పుడు అక్కడిదే. కట్ట మీద బరువు పడితే అది సాగి పొడుగు అయితది. ఆ పొడుగుకు జాగ ఇచ్చేది వెనక షాకిల్. పిన్ను అరిగితే షాకిల్ అడ్డం తిరుగుతది. తుప్పుతోని బిగుసుకుంటే కట్టకు సాగే జాగ లేక మెయిన్ పట్టీ కన్ను మీద పడతది. చిన్న సామాను, తక్కువ ధర. బండి ఎడమకు వంగి ఉండుడు కూడ కొంత దీంతోనే పోయింది.

ఒక ముచ్చట. యూ క్లాంపులు కొత్తవి వేసినంక ఒకసారి బిగించి ఊరుకోవద్దు. కొన్ని వందల కిలోమీటర్లు నడిచినంక లోడు ఉన్నప్పుడు మళ్ళ బిగించాలె. పాతవి విప్పితే మళ్ళ అవే వాడొద్దు. సాగిన బోల్టు మళ్ళ గట్టిగ పట్టదు.

మూడో మెట్టు: షాకబ్జర్లు

అయిదో నెలల వెనకవి 3,400, ఏడో నెలల ముందువి 3,600. చానా మంది షాకబ్జర్లు బరువు మోస్తయి అనుకుంటరు. మోయవు. బరువు మోసేది కమాన్. కమాన్ ఎగిరితే ఆ ఎగురుడును ఆపేది షాకబ్జర్. అది పోతే చక్రం రోడ్డు మీద ఉండే టైము తగ్గుతది. చక్రం రోడ్డు మీద లేనప్పుడు బ్రేక్ కొట్టినా వట్టిదే. నూనె కారి గొట్టం తడిగ, మట్టి పట్టి ఉంటే అయిపోయిందని గుర్తు. ఎప్పుడైనా జతగనే మార్చాలె. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది పెడితే మలుపుల బండి ఒక తీరు ఉండదు.

ఏడో నెలలనే కాకా అప్పు 9,500 కూడ తీర్చినం. డబ్బా ఊడ్చుకపోయింది గని రాత్రి నిద్ర పట్టింది.

నాలుగో మెట్టు: పట్టీలు

తొమ్మిదో నెల దాక ఆగినంకనే కట్టల మీద చెయ్యి పెట్టినం. ఇక్కడ మూడు తొవ్వలు ఉన్నయి.

ఒకటి, వాలిపోయిన పాత పట్టీలను కొట్టించి వంపు తెప్పించుడు. సస్తల అయితది. గని అలిసిన ఉక్కు కొన్ని నెలలకు మళ్ళ వాలుతది. గ్యాస్ మంటతో కాల్చి వంచే కాడికి అస్సలు పోవద్దు. కమాన్ ఉక్కుకు కాక, నూనె చల్లార్పు లెక్క ప్రకారం ఇచ్చి ఆ గుణం తెస్తరు. మంట తగిలితే ఆ గుణం పోతది. విరిగిన పట్టీని వెల్డింగ్ చేసుడు కూడ గంతే. అతికిన పక్కనే మళ్ళ విరుగుతది.

రెండు, అదే బండికి వచ్చే కొత్త పట్టీలు మార్చుడు. మేము ఇది చేసినం. రెండో, మూడో పట్టీలు రెండు పక్కల కొత్తవి, కొత్త క్లిప్పులు. 6,800.

మూడు, ఒక పట్టీ పెంచుడు. దీంట్ల లెక్క తెలుసుకోవాలె. పట్టీ గట్టితనం మందాన్ని బట్టి మామూలుగా పెరగదు, మూడు రెట్ల గుణకారంల పెరుగుతది. మందం 10 శాతం ఎక్కువైతే గట్టితనం దగ్గరదగ్గర 33 శాతం ఎక్కువ. మందం రెండింతలైతే గట్టితనం ఎనిమిదింతలు. మేము లారీ తుక్కుల నుంచి ఏరిన పట్టీలు ఖాళీ బండిని గుర్రం ఎందుకు చేసినయో ఇంటర్ ఫిజిక్స్ చదివిన మాకు అప్పుడు తట్టలేదు. పెంచాల్సిందే అనుకుంటే అదే వెడల్పు, అదే మందం, అదే వంపు ఉన్నది ఒక్కటి, తెలిసిన మేస్త్రీతోని. మాకు అవసరం పడలేదు. లోడు ఆర్‌సీ దాటకపోతే కంపెనీ ఇచ్చిన పట్టీలే సరిపోతున్నయి.

ఇంకో మాట. పట్టీలు పెంచితే ఆర్‌సీల బరువు పెరగదు. కమాన్ గట్టిపడ్డా ఇరుసు అదే, బేరింగు అదే, చాసిస్ అదే, బ్రేకులు అవే, టైర్లు అవే. గొలుసుల ఒక కొంకి గట్టిగ చేస్తే గొలుసు గట్టిపడదు, పక్క కొంకి తెగుతది. కంపెనీ ఇచ్చిన దాన్ని మనిష్టం వచ్చినట్టు మార్చుడు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తది. ఎక్కువ లోడుకు 2019 సవరణ తర్వాత చట్టంల 194వ సెక్షన్ కింద 20,000 జరిమానా, మీద టన్నుకు 2,000 రాసి ఉన్నది. ఒక్కసారి పడితే మా డబ్బా ఏడు నెలల పైసలు పోతయి.

అయిదో మెట్టు: ఎవరూ చెప్పని బ్రేక్ ముచ్చట

పదో నెలల అలైన్‌మెంట్ చేయించేటప్పుడు ఒక పనోడు వెనక ఇరుసు కాడ ఒక చిన్న కడ్డీని చూపించిండు. కొన్ని బండ్లకు వెనక బ్రేకుకు ఒక వాల్వ్ ఉంటది. బండి ఎంత కూసున్నదో ఆ కడ్డీతోని అది కొలుస్తది. బండి కూసుంటే లోడు ఉన్నదని వెనక బ్రేకుకు బలం ఎక్కువ ఇస్తది. ఎత్తుగ ఉంటే ఖాళీ ఉన్నదని తగ్గిస్తది.

ఇప్పుడు అర్థం చేసుకోండి. పట్టీలు ఎక్కించి బండిని ఎత్తు చేసినం. 55 బస్తాలు వేసినా బండి కూసోలేదు. వాల్వ్ ఏమనుకున్నది? ఖాళీ బండి అనుకున్నది. రెండు టన్నుల లోడుకు ఖాళీ బండి బ్రేక్ ఇచ్చింది. మేము ఆ లోడుతోని మన్ననూర్ ఘాట్ దిగినం. అది విన్నంక ఛాయ్ గ్లాసు చేతుల ఉన్నది గని తాగలేకపోయినం.

వాల్వ్ సర్దుబాటు, అలైన్‌మెంట్ కలిసి 1,200. హెడ్‌లైట్లు కూడ సరిచేయించినం. వెనక కూసున్న బండి లైట్లు ఎదురొచ్చేటోళ్ళ కండ్లల్ల కొడతయి. కమాన్ల మీద ఏ పని చేసినా ఈ రెండు చూసుకోండి.

ఆరో మెట్టు: టైర్లు

పద్నాలుగో నెలల వెనక రెండు టైర్లు, 13,000. ఇది ఆఖరుకే పెట్టినం. ఎందుకంటే బుష్షులు, అలైన్‌మెంట్ సరిలేకముందు కొత్త టైర్లు వేస్తే అవి కూడ వంకరగ అరిగిపోతయి. టైరు కొనేటప్పుడు దాని మీద రాసిన లోడ్ నంబర్ చూడండి. కారు టైరు సస్తల వస్తదని వేస్తే పేలుతది.

మొత్తం 40,950. డబ్బాల పడ్డది 42,000. మిగిలిన 1,050తోని ముగ్గురం కలిసి ఏం చేసినమో తర్వాత చెప్తం.

బండి బాగైంది. మరి మేము?

ఈ 14 నెలల్ల మేము 32 బస్తాలు దాటలేదు. ఎట్ల బతికినరు అని అడుగుతరు. నిజం చెప్తం. మొదటి నాలుగు నెలలు కష్టమైంది. కిస్తు ఒకటి లేటయింది. "మీరు 32 వేస్తే మేము 60 వేసేటోన్ని పిలుచుకుంటం" అని కిరాయిలు పోయినయి. గని టైరు పేలుడు, పట్టీ విరుగుడు, తొవ్వల ఆగుడు లేకపోయేసరికి మామిడి రైతులు మమ్మల్ని అడగవట్టిండ్రు. మామిడి దెబ్బ తగలకుండ మార్కెట్‌కు చేరాలె. ఎగిరే బండిల కాయ కమిలిపోతది. మెత్తగ నడిచే బండికి వాళ్ళే ఇంత ఎక్కువ ఇస్తరు. మేము బస్తాలు తగ్గించినం, కాయ పెంచినం.

మనుషులను మాత్రం తోలుతలేము. ఇది మేము గొప్పకు చెప్తలేము, సిగ్గుతోని చెప్తున్నం. ఆ రోజు దెబ్బలు తగిలినంక ఇన్సూరెన్స్ సంగతి అడిగితే అర్థమైంది. సరుకు బండిల ఊరికే ఎక్కించుకున్న మనుషులకు ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లనే ఆశారాణి కేసుల చెప్పింది. సరుకు యజమాని, ఆయన తరఫు మనిషి సరుకుతోని ఉంటే వేరే సంగతి. కూలికి పోయే 16 మంది ఆడోళ్ళ సంగతి అది కాదు. వాళ్ళల్ల ఎవరన్న పోయి ఉంటే ఆ ఇంటికి పైస వచ్చేది కాదు. మేము మూడు ఇండ్లు అమ్మినా సరిపోయేది కాదు.

మేము ఆపినంత మాత్రాన పికప్‌ల కూలోళ్ళు ఎక్కుడు ఆగలేదు. మా తండావోళ్ళే వేరే బండి ఎక్కి పోతున్నరు. మా యాడోళ్ళు, అక్కలు గుత్తేదారుతోని మాట్లాడి, కూలి రేటుతో పాటు తుఫాన్ జీపు కిరాయి కూడ అడగవట్టిండ్రు. కొందరు రైతులు ఒప్పుకుంటున్నరు, కొందరు ఒప్పుకుంటలేరు. ఇది మన యువత అందరం కలిసి మాట్లాడాల్సిన ముచ్చట. బండి ఉన్న తమ్ముళ్ళు ఒక్కొక్కరు "మేము ఎక్కించుకోము" అంటే సరిపోదు. అప్పుడు యాడోళ్ళు ఎట్ల పోవాలె అనే దానికి కూడ మనమే జవాబు ఎతకాలె.

ఇగ ఆ 1,050 సంగతి. మణికట్టు విరిగిన యాడికి చీర తీసుకపోయినం. ఆమె చీర పక్కన పెట్టి, "బండి ఎట్ల ఉన్నది?" అని అడిగింది. "మంచిగున్నది" అన్నం. "నా ప్రశ్నకు జవాబు దొరికిందా?" అన్నది. ముగ్గురం చెప్పినం: "ఆ దినం మీ బరువుకు విరగలేదు. మేము అంతకుముందు వేసిన బరువుకు విరిగింది." ఆమె కొంచెం సేపు ఏమనలేదు. తర్వాత అన్నది: "మరి బరువు వేసినోళ్ళు మీరు, చెయ్యి విరిగింది నాది."

ఆ మాటకు మా కాడ జవాబు లేదు. అందుకే ఈ పోస్టు.

తమ్మీ, నువ్వు పట్టీలు ఎక్కియ్యకు. రేపు పొద్దుగాల బండి కడిగి, కింద పండుకొని సెంటర్ బోల్టు కాడ చూడు. కాంటా ఎక్కి తూకం చీటీ తీసుకో. గ్రీజు గన్ లేకపోతే మాది వచ్చి తీసుకపో. ఒక డబ్బా పెట్టి కిరాయికి 200 వెయ్యి. తొందర వద్దు. ఎద్దు వీపు తడిమినంకనే మనిషి తిన్న జాతి మనది.

మన జిల్లాలల్ల మంచి కమాన్ మేస్త్రీలు, నమ్మకంగ కాంటా వేసే జాగలు ఎక్కడ ఉన్నయో తెలిసిన అన్నలు కింద రాయండి. మేము ఎక్కడన్న తప్పు రాస్తే కూడ సరిచెయ్యండి. అందరు పైలంగ నడపండి, పైలంగ ఇంటికి చేరండి. రాం రాం.